చూపు తిరిగిరాని చోట వైద్యం: హైదరాబాద్‌లో దృష్టి పునరావాస సేవల చరిత్ర

వ్యాససంగ్రహం

కంటివైద్య చరిత్రను శస్త్రచికిత్సల చరిత్రగా, దాతల చరిత్రగా చెప్పుకోవడం పరిపాటి. చికిత్సకు లొంగని దృష్టిలోపం ఉన్నవారు ఆ చరిత్రలో కనిపించరు. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞానసంస్థను ఆధారంగా చేసుకొని, సామాజిక ఆరోగ్య సేవలు, దృష్టి పునరావాస సేవలు ఒక విద్యాసంస్థ పనిలో ఎలా భాగమయ్యాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సినీ పరిశ్రమ నుంచి వచ్చిన దానం, 1996–2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం, స్థానిక యువతకు ఇచ్చిన శిక్షణ, విశ్వవిద్యాలయంతో ఏర్పడిన అనుబంధం అనే నాలుగు ఘట్టాలను వరుసగా చర్చిస్తుంది. వైద్యానికి అనుబంధంగా కాక, వైద్యంలో భాగంగా పునరావాసాన్ని చూసినప్పుడే ఆ సేవ నిలదొక్కుకుంటుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పునరావాసం, మందదృష్టి, సామాజిక ఆరోగ్యం, ఆప్టోమెట్రీ, ఎల్.వి.ప్రసాద్, హైదరాబాద్, యూసుఫ్‌గూడ.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ పశ్చిమభాగంలో యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, బంజారాహిల్స్ ఒకదానికొకటి ఆనుకొని ఉన్న ప్రాంతాలు. మద్రాసు నుంచి తెలుగు చిత్రపరిశ్రమ క్రమంగా తరలివచ్చి స్థిరపడిన నేల ఇది. అమీర్‌పేట వైపు సారథి స్టూడియోస్, బంజారాహిల్స్‌లో 1976లో మొదలైన అన్నపూర్ణ స్టూడియోస్, ప్రసాద్ ల్యాబ్స్ ఈ తరలింపునకు ఆనవాళ్ళు. కొండల మీద నిర్మాతలూ తారలూ ఉంటే, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ ఇరుకు వీధుల్లో చిత్రసీమ ఇరవైనాలుగు శాఖలలో పనిచేసే లైట్‌మెన్‌లు, దర్జీలు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు చిన్నచిన్న అద్దె ఇళ్ళలో ఉంటారు.

చూడటానికే పుట్టిన కళ సినిమా. ఆ కళలో ఎదిగిన ఒక వ్యక్తి చేసిన దానంతో, ఆ పరిసరాల్లోనే ఒక నేత్రవైద్య సంస్థ రూపుదిద్దుకోవడం తెలుగువారికి తెలిసిన సంగతే. అయితే ఆ సంస్థ పేరు వినగానే శస్త్రచికిత్స, నేత్రదానం స్ఫురించినంతగా దాని పునరావాస విభాగం స్ఫురించదు. గుడ్డితనాన్ని నయం చేయడమే కంటి ఆసుపత్రి పని అని సమాజం అనుకుంటుంది. నయం కాని వారి విషయంలో ఆసుపత్రి బాధ్యత ఏమిటి? ‘ఇక చేయగలిగిందేమీ లేదు’ అనే మాటతో వైద్యుని పని ముగుస్తుందా? ఈ ప్రశ్నలకు హైదరాబాద్‌లో దొరికిన సమాధానం ఏమిటో, అది ఎంతవరకు నెరవేరిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ‘పునరావాసం’: పదమూ పరిధీ

తెలుగులో ‘పునరావాసం’ అన్న పదం వైద్యం కంటే ముందు నిర్వాసితులను గుర్తుకు తెస్తుంది. నాగార్జునసాగర్, శ్రీశైలం, పోలవరం వంటి ప్రాజెక్టుల కింద ఊళ్ళు కోల్పోయినవారికి వేరొకచోట ఇళ్ళు కట్టించడం ఈ మాటకు ప్రజావ్యవహారంలో స్థిరపడిన అర్థం. 2013 నాటి భూసేకరణ చట్టం పేరులోనూ పునరావాసం, పునఃస్థాపన అన్న మాటలు ఈ అర్థంలోనే ఉన్నాయి. పదనిర్మాణం కూడా అదే చెబుతుంది: పునర్ + ఆవాసం, అంటే మళ్ళీ నివాసం.

వైద్యరంగంలో ఈ మాటకు మూలమైన ‘రిహాబిలిటేషన్’లో ఇంటి ప్రసక్తి లేదు. లాటిన్ ధాతువును బట్టి దానికి ‘మళ్ళీ సమర్థుణ్ణి చేయడం’ అని అర్థం. ఒక భాష సామర్థ్యాన్ని పట్టుకుంటే మరొకటి స్థలాన్ని పట్టుకుంది. ఈ తేడా వల్ల తెలుగు పదానికి నష్టమేమీ జరగలేదు. చూపు పోయిన మనిషి ఊరు మారడు, ఇల్లు మారదు. అయినా నిన్నటిదాకా కళ్ళు మూసుకొని తిరిగిన గడప ఇవాళ తట్టుకుంటుంది. పొయ్యి, బావిగట్టు, వీధిమలుపు అన్నీ పరాయివవుతాయి. ఆ ఇంట్లోనే ఆ మనిషి మళ్ళీ నివసించగలగడం దృష్టి పునరావాసం లక్ష్యం. ఆ విధంగా చూస్తే తెలుగు పదం వైద్యార్థానికి దూరమైనది కాదు, సన్నిహితమైనదే.

కంటికి సంబంధించిన జాతీయపదాలు తెలుగులో సమృద్ధిగా ఉన్నాయి. శుక్లం, చత్వారం, రేచీకటి, నీటికాసులు, మెల్లకన్ను, పొర, పువ్వు వంటి మాటలు వైద్యశాస్త్రం రాకముందే రోగాలను వేరుచేసి చూపాయి. పూర్తి చూపుకూ పూర్తి అంధత్వానికీ నడుమ ఉన్న స్థితిని వాడుకలో ‘మసకచూపు’, ‘చూపు ఆనకపోవడం’ అంటారు. పాలనాభాష మాత్రం చాలాకాలం ఈ నడిమి స్థితిని గుర్తించలేదు. 1995 నాటి వికలాంగుల చట్టం అంధత్వంతోపాటు మందదృష్టిని ప్రత్యేక వర్గంగా పేర్కొనడంతో ఆ లోటు చట్టరీత్యా తీరింది. వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు అంటూ ప్రభుత్వ వ్యవహారంలో పేర్లు మారుతూ వచ్చాయి. పేరు మార్పుతోపాటు సేవల స్వభావం ఏ మేరకు మారిందన్నది చరిత్ర పరిశీలించవలసిన విషయం.

3. పూర్వరంగం: శిబిరాల కాలం

స్వాతంత్ర్యానంతరం భారతదేశంలో కంటి ఆరోగ్యానికి సంబంధించిన తొలి జాతీయ కార్యక్రమం 1963లో ట్రకోమా నియంత్రణకు మొదలైంది. 1976లో జాతీయ అంధత్వ నియంత్రణ కార్యక్రమం ఆరంభమైంది. దేశంలో అంధత్వానికి ప్రధాన కారణం శుక్లం కాబట్టి ప్రయత్నమంతా దానిపైనే కేంద్రీకృతమైంది. పాఠశాలల్లో, సత్రాల్లో, కల్యాణమండపాల్లో కంటి శిబిరాలు వెలిశాయి. ఒక్క శిబిరంలో వందలమందికి శస్త్రచికిత్స చేసి, కృత్రిమ కటకాలు వ్యాప్తిలోకి రాని ఆ రోజుల్లో మందపాటి అద్దాలు ఇచ్చి పంపేవారు. ఎందరో వృద్ధులకు ఈ శిబిరాలు మళ్ళీ వెలుగు చూపాయన్నది నిర్వివాదం. ప్రపంచబ్యాంకు సహాయంతో 1994లో ఏడు రాష్ట్రాల్లో చేపట్టిన శుక్ల నివారణ పథకంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ఈ కాలమంతటా విజయానికి కొలమానం ఒక్కటే: శస్త్రచికిత్సల సంఖ్య. శుక్లం కాదని తేలినవారిని శిబిరం తిప్పి పంపేది. నీటికాసుల వల్ల, కంటిపొర దెబ్బతినడం వల్ల, వంశపారంపర్య రెటీనా వ్యాధుల వల్ల చూపు కోల్పోయినవారి పేర్లు ఏ పట్టికలోకీ ఎక్కేవి కావు.

హైదరాబాద్‌కు పునరావాసం అనే ఆలోచన కొత్తదేమీ కాదు. 1964లో పంజాగుట్టలో ఆరంభమైన నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి ఎముకలు, కీళ్ళ వైద్యానికి పేరుపొందింది. తరువాతి కాలంలో నిమ్స్‌గా విస్తరించింది. ఎముక అతికిన తరువాత నడక నేర్పడం కూడా వైద్యమేనన్న అవగాహన ఆ రంగంలో సహజంగానే ఏర్పడింది. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో బుద్ధిమాంద్యం గల వారికోసం ఒక జాతీయ సంస్థ వెలసింది. బోధన, పరిశోధన, సేవ ఒకేచోట సాగే పద్ధతికి అది నమూనాగా నిలిచింది. కంటి విషయంలో ఈ మూడింటినీ కలిపే సంస్థ అప్పటికి లేదు.

అంతర్జాతీయంగా ఇదే సమయంలో ఆలోచన మారుతూ వచ్చింది. 1978 సెప్టెంబరులో ఆల్మా-అటాలో వెలువడిన ప్రాథమిక ఆరోగ్య ప్రకటన ఆరోగ్య పరిరక్షణ, వ్యాధి నివారణ, చికిత్సలతోపాటు పునరావాసాన్ని కూడా ప్రాథమిక ఆరోగ్యసేవల్లో చేర్చింది. ఆ స్ఫూర్తితోనే ప్రపంచ ఆరోగ్యసంస్థ సముదాయ ఆధారిత పునరావాసం అనే విధానాన్ని ముందుకు తెచ్చింది. మనిషిని సంస్థకు రప్పించడం కంటే సేవను మనిషి ఉన్నచోటికి తీసుకువెళ్ళడం, అందుకు స్థానికులకే శిక్షణ ఇవ్వడం ఈ విధానంలోని సారాంశం.

4. సినీరంగ దానం, వైద్య సంకల్పం

ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో 1908 జనవరి 17న జన్మించిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు, ఎల్.వి.ప్రసాద్‌గా చిత్రసీమలో ప్రసిద్ధుడు. 1931లో వచ్చిన తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లోను, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోను నటించారు. ‘మనదేశం’, ‘షావుకారు’, ‘పెళ్ళిచేసి చూడు’, ‘మిస్సమ్మ’ ఆయన దర్శకత్వ ప్రతిభకు నిదర్శనాలు. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనను వరించింది.

గుంటూరు వైద్య కళాశాలలో చదివి, ఢిల్లీ అఖిలభారత వైద్య విజ్ఞానసంస్థలో నేత్రవైద్యం అభ్యసించి, అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకునిగా పనిచేసిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1980లలో స్వదేశానికి తిరిగివచ్చారు. సేవ, బోధన, పరిశోధన మూడూ కలిసి సాగే లాభాపేక్షలేని సంస్థను నెలకొల్పాలన్నది ఆయన సంకల్పం. ప్రసాద్ ఇందుకు బంజారాహిల్స్‌లో 5 ఎకరాల భూమిని, కోటి రూపాయల ధనాన్ని సమకూర్చారు. 1987లో సంస్థ పని ప్రారంభించింది. చెల్లించగలవారి నుంచి వచ్చే ఆదాయం లేనివారి ఉచిత సేవకు ఆధారం కావడం, ఇరువర్గాలకూ ఒకే స్థాయి చికిత్స అందించడం మొదటినుంచీ సంస్థ పాటించిన నియమం.

ఈ దానాన్ని సినీప్రముఖుని ఔదార్యంగా మాత్రమే చూస్తే దాని చారిత్రక ప్రాధాన్యం పూర్తిగా బోధపడదు. తెలుగునేలపై విద్యాదానం, అన్నదానం, ఆలయనిర్మాణం ఎరిగిన దాతృత్వ సంప్రదాయం ఇక్కడ పరిశోధనసంస్థ దాకా విస్తరించింది. ఆసుపత్రికి ఇచ్చిన దానం ఆ రోజు వచ్చిన రోగికి అందుతుంది. బోధనసంస్థకు ఇచ్చిన దానం అక్కడ తయారైన మనుషుల ద్వారా ఇంకా పుట్టని రోగికీ అందుతుంది. ప్రసాద్ 1994 జూన్ 22న మరణించారు. గ్రామీణ సేవాకేంద్రాలు, విశ్వవిద్యాలయ అనుబంధం వంటి ఫలాలు చాలావరకు ఆయన అనంతరం వచ్చినవే.

5. లెక్కను మార్చిన అధ్యయనం

శుక్లం తొలగిస్తే అంధత్వం తొలగుతుందన్న నమ్మకాన్ని గణాంకాలతో పరీక్షించిన ఘనత ఈ సంస్థ పరిశోధకులది. 1996–2000 మధ్య డాక్టర్ లలిత్ దండోనా నాయకత్వంలో జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం హైదరాబాద్ నగరంతోపాటు పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామీణ ప్రాంతాల్లో అన్ని వయసులవారినీ పరీక్షించింది. మొత్తం 94 సమూహాలలో 10,293 మంది ఇందులో పాల్గొన్నారు.

1998లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడిన హైదరాబాద్ నగర ఫలితాలు పరిశీలనార్హమైనవి. నగరంలోని అంధత్వంలో శుక్లం వాటా మూడోవంతు కంటే తక్కువని తేలింది. రెటీనా వ్యాధులు, కంటిపొర వ్యాధులు, నీటికాసులు, దృష్టినాడి క్షీణత వంటి కారణాలు మిగిలిన భాగాన్ని పంచుకున్నాయి. ఒక్క శుక్లంపైనే దృష్టిపెట్టిన జాతీయ విధానం సరిపోతుందా అన్న ప్రశ్నను పరిశోధకులు వ్యాసం శీర్షికలోనే ఉంచారు.

రాష్ట్రస్థాయి ఫలితాలు 2001లో వచ్చాయి. అంధత్వం జనాభాలో 1.84 శాతంగా తేలింది. అందులో 44 శాతం శుక్లం వల్ల, 16.3 శాతం సరైన అద్దాలు లేకపోవడం వల్ల కలిగినది. ఈ రెండింటినీ కలిపితే 60.3 శాతం. అంటే ప్రతి పదిమంది అంధుల్లో ఆరుగురికి శస్త్రచికిత్సతోనో కళ్ళద్దాలతోనో చూపు వచ్చే అవకాశం ఉంది. వయసు మీదపడినవారు, పేదలు, స్త్రీలు, గ్రామీణులు అంధత్వానికి ఎక్కువగా గురవుతున్నారని కూడా అధ్యయనం నిరూపించింది.

ఈ లెక్క రెండు పనులు చేసింది. మొదటిది, కళ్ళద్దాల వంటి సామాన్యమైన సాధనం అందకపోవడం కూడా అంధత్వమేనని చూపి, వైద్యుడు లేని ఊళ్ళకు సేవను చేర్చవలసిన అవసరాన్ని ఎత్తిచూపింది. రెండవది, మిగిలిన నలుగురిని తొలిసారి లెక్కలోకి తెచ్చింది. వారిలో కొందరికి కంటిపొర మార్పిడి వల్ల చూపు రావచ్చు. నీటికాసుల వల్లనో, రెటీనా క్షీణత వల్లనో పోయిన చూపు మాత్రం తిరిగిరాదు. వారికి మిగిలేది పునరావాసమే. మొదటి పని నుంచి గ్రామీణ సేవాకేంద్రాలు విస్తరించాయి. రెండవది పునరావాస విభాగానికి గణాంకబలాన్ని చేకూర్చింది. సామాజిక ఆరోగ్యమూ పునరావాసమూ ఒకే అధ్యయనం నుంచి పుట్టిన రెండు బాధ్యతలని చెప్పవచ్చు.

6. పాఠశాల, పిరమిడ్

నేత్రవైద్యుల సంఖ్య ఎంత పెంచినా ప్రతి గ్రామానికీ ఒకరు రావడం అసాధ్యం. కాబట్టి వైద్యుడు కాని వ్యక్తికి ఏ పని అప్పగించవచ్చు, అందుకు ఏ శిక్షణ కావాలి అన్నవి సంస్థ ఎదుర్కొన్న ప్రశ్నలు. దీనికి రెండు స్థాయిల్లో సమాధానం దొరికింది.

పైస్థాయిలో ఆప్టోమెట్రీ విద్య ఉంది. బాష్ అండ్ లాంబ్ సంస్థ సహకారంతో మొదలైన ఆప్టోమెట్రీ పాఠశాల దృష్టిపరీక్ష, మందదృష్టి సంరక్షణలో పట్టభద్రులను తయారుచేసింది. తొలుత పిలానీ బిట్స్‌తోను, తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంతోను దీనికి అనుబంధం ఏర్పడింది. 1974లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయంలోని వైద్యశాస్త్రాల విభాగం ఆప్టోమెట్రీతోపాటు ప్రజారోగ్యంలో స్నాతకోత్తర విద్యను కూడా అందిస్తోంది. 2015లో మరణించిన ఆస్ట్రేలియా దృష్టిశాస్త్రవేత్త బ్రయన్ హోల్డెన్ పేరు ప్రస్తుతం ఈ పాఠశాలకు ఉంది. విశ్వవిద్యాలయ అనుబంధాన్ని కేవలం పట్టా కోసం చేసుకున్న ఏర్పాటుగా భావించరాదు. ఆసుపత్రి అవసరానికి తగిన నైపుణ్యాన్ని నేర్పడం ఒకటి; ఆ నైపుణ్యాన్ని పాఠ్యప్రణాళిక, పరీక్ష, పరిశోధన గల ఒక విద్యాశాఖగా నిలబెట్టడం మరొకటి. రెండవది జరిగినప్పుడే ఆ విద్య ఒక సంస్థ గోడలు దాటుతుంది.

కిందిస్థాయిలో విజన్ టెక్నీషియన్ల శిక్షణ ఉంది. ఇంటర్మీడియట్ చదివిన స్థానిక యువతీయువకులను ఎంపిక చేసి, ఒక సంవత్సరం శిక్షణ ఇచ్చి, తిరిగి వారి ప్రాంతంలోనే నియమించడం ఈ పద్ధతి. చూపు పరీక్షించడం, అద్దాలు సూచించడం, ప్రమాదకరమైన వ్యాధిని గుర్తించి పై కేంద్రానికి పంపడం వారి విధులు. నగర శివారులోని కిస్మత్‌పూర్‌లో ఉన్న గుళ్ళపల్లి ప్రతిభారావు గ్రామీణ నేత్రసంరక్షణ కేంద్రం ఈ కార్యక్రమాలకు కేంద్రబిందువు.

సంస్థ తొలి గ్రామీణ ద్వితీయస్థాయి కేంద్రం 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో వెలసింది. ఆ అనుభవంతో క్రమంగా రూపొందిన ఏర్పాటును ‘పిరమిడ్’ అని వ్యవహరిస్తారు. అట్టడుగున 5,000 జనాభాకు ఒక దృష్టి సంరక్షకుడు, 50,000 జనాభాకు ఒక దృష్టికేంద్రం, 5 లక్షలకు శస్త్రచికిత్స వసతి గల ద్వితీయకేంద్రం, 50 లక్షలకు తృతీయస్థాయి ఆసుపత్రి, 5 కోట్లకు బంజారాహిల్స్ శిఖరకేంద్రం అన్నది దాని లెక్క. మెట్టుమెట్టుకూ జనాభా పదిరెట్లవుతుంది. భువనేశ్వర్, విశాఖపట్నం, విజయవాడలలోని ప్రాంగణాలు తృతీయస్థాయికి చెందినవి.

7. పునరావాసం: ఆచరణలో

బంజారాహిల్స్ ప్రాంగణంలో చికిత్సావిభాగాల సరసనే రెండు విభాగాలు పనిచేస్తున్నాయి. మీరా, ఎల్.బి.దేశ్‌పాండే పేరిట ఉన్న కేంద్రం మిగిలిన చూపును సాధ్యమైనంత ఉపయోగించుకోవడం నేర్పుతుంది. డాక్టర్ పి.ఆర్.కె.ప్రసాద్ పేరిట ఉన్న పునరావాస కేంద్రం చూపు లేకుండా జీవించడం నేర్పుతుంది. ఈ రెండు పనులకూ మధ్యగల భేదం ముఖ్యమైనది.

మందదృష్టి ఉన్నవారికి భూతద్దాలు, చేతిలో ఇమిడే దూరదర్శినులు, అక్షరాలను పెద్దవిచేసి చూపే తెరలు ఇస్తారు. కాంతిని సరిగా అమర్చుకోవడం, నల్లటి గీతల పుస్తకం వాడటం, చదవవలసిన వరుస మాత్రమే కనిపించేలా కత్తిరించిన అట్టముక్కను పేజీపై పెట్టుకోవడం వంటి ఖర్చులేని ఉపాయాలు నేర్పుతారు. పూర్తిగా చూపు లేనివారికి తెల్లకర్రతో నడక, బ్రెయిలీ, తెరమీది అక్షరాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ వినియోగం, వంట, డబ్బు లెక్కింపు వంటి దైనందిన పనుల్లో శిక్షణ ఉంటుంది. పసిపిల్లలకు మిగిలిన ఇంద్రియాలను మేల్కొలిపే శిక్షణ, తల్లిదండ్రులకు సలహా ఇందులో భాగం.

తెలుగుసమాజంలో పునరావాసానికి ఒక ప్రత్యేక నేపథ్యం ఉంది. రేచీకటితో మొదలై క్రమంగా చూపును హరించే రెటినైటిస్ పిగ్మెంటోసా వంటి వంశపారంపర్య వ్యాధుల్లో అంతర్గత జన్యులోపం వల్ల వచ్చే రకాలకు రక్తసంబంధీకుల వివాహాలు అవకాశం పెంచుతాయి. మేనరికం బలంగా ఉన్న ప్రాంతాల్లో ఒకే ఇంట ఇద్దరు ముగ్గురు పిల్లలు దీని బారిన పడటం ఉంది. ఇటువంటి కుటుంబాలకు వైద్యుడు చెప్పే మాటతోపాటు, బడి మాన్పించకుండా పిల్లవాణ్ణి చదివించే దారి చూపేవారు కావాలి.

ఇక్కడి పునరావాస చింతనకు మంచి నిదర్శనం 2003లో విజయ గోత్వాల్, సహపరిశోధకులు రూపొందించిన ‘ఎల్.వి.ప్రసాద్ దృష్టివినియోగ ప్రశ్నావళి’. 8 నుంచి 18 ఏళ్ళ వయసుగల 78 మంది దృష్టిలోపం ఉన్న బడిపిల్లలపై దీన్ని పరీక్షించారు. గోడమీది అక్షరాల పట్టిక ఏ వరుసదాకా చదవగలడన్నది వైద్యుని ప్రశ్న. ఈ ప్రశ్నావళి వేరే సంగతులు అడుగుతుంది: నల్లబల్ల మీది రాతను చూసి రాసుకోగలవా, రాత్రివేళ ఎవరి సాయం లేకుండా ఇంటికి నడిచి రాగలవా, బస్సు నంబరు పోల్చుకోగలవా, తాకకుండానే రూపాయి నాణేన్నీ రెండు రూపాయల నాణేన్నీ వేరుచేయగలవా? పాశ్చాత్యదేశాల్లో పెద్దల కోసం తయారైన ప్రశ్నావళుల్లో వాహనం నడపడం వంటి అంశాలుంటాయి. అవి ఇక్కడి బడిపిల్లలకు వర్తించవు. కొలమానాన్ని పిల్లల దినచర్య నుంచి తీసుకోవడం ఇందులోని విశిష్టత. 3/60 అనే అంకె ఒకటే అయినా ఇద్దరు పిల్లల జీవితాలు ఒకటి కావు. పునరావాసానికి అంకె కంటే ఆ పిల్లవాడి రోజు ముఖ్యమని ఈ ప్రశ్నావళి పరిశోధనారంగంలో స్థాపించింది.

8. పరిమితులు

ఈ చరిత్రను విజయగాథగా మాత్రమే ముగించడం న్యాయం కాదు. మొదటి పరిమితి పిరమిడ్ నిర్మాణంలోనే ఉంది. అద్దాలు, శుక్ల చికిత్స అట్టడుగు మెట్టుదాకా దిగాయి. నిపుణులైన శిక్షకులు కావలసిన పునరావాసం ప్రధానంగా పై మెట్ల మీద, నగరాల్లో నిలిచింది. తెల్లకర్రతో నడక నేర్చుకోవడానికి రోజుల తరబడి నగరంలో ఉండవలసి వస్తే, కూలిపని చేసే కుటుంబం నుంచి ఒక మనిషి వెంట రావాలి. ఆ కుటుంబానికి ఆ రోజుల కూలి పోతుంది. సేవ ఉచితమైనా దానిని పొందడం ఉచితం కాదు. అంధత్వం ఎక్కువగా ఉన్నది స్త్రీలలోనేనని అధ్యయనం చెప్పింది. ఇంటిని వదిలి రావడం కష్టమయ్యేది కూడా వారికే.

రెండవది, దూరం కిలోమీటర్లలోనే ఉండదు. యూసుఫ్‌గూడ నుంచి బంజారాహిల్స్ శిఖరకేంద్రం పక్కవీధి అన్నంత చేరువ. అయినా రోజువారీ వేతనంతో, స్థిరమైన ఉద్యోగభద్రత లేకుండా పనిచేసే చిత్రపరిశ్రమ శ్రామికుడు మధుమేహం వల్లనో నీటికాసుల వల్లనో చూపు కోల్పోతే, అతనికి మళ్ళీ పని ఇచ్చే ఏర్పాటు ఆసుపత్రి చేతిలో లేదు. దర్జీకి సూదిలో దారం ఎక్కించే ఉపాయం నేర్పవచ్చు. అతన్ని తిరిగి పనిలోకి పిలవవలసింది పరిశ్రమ. నేత్రవైద్యానికి భూమినిచ్చిన పరిశ్రమకు పునరావాసంలో కూడా భాగస్వామ్యం ఉండవలసిన అవసరాన్ని ఈ పరిస్థితి సూచిస్తుంది.

మూడవది ప్రభుత్వ వ్యవస్థకు సంబంధించినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల వర్గాలను 7 నుంచి 21కి పెంచింది. పునరావాసాన్ని ప్రభుత్వ బాధ్యతగా పేర్కొంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుంచి అమలులో ఉన్న ‘సదరం’ ధ్రువపత్రం 40 శాతం వైకల్యాన్ని గీటుగా పెట్టుకుని పింఛను అర్హతను నిర్ణయిస్తుంది. పింఛను అవసరమే. అయితే ధ్రువపత్రం ఇచ్చే చోట శిక్షణకు దారి చూపే వ్యవస్థ కూడా ఉంటేనే చట్టంలోని మాట మనిషిదాకా చేరుతుంది. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం ఆరంభించిన ‘కంటివెలుగు’ ఊరూరా కంటిపరీక్షలు జరిపి అద్దాలు పంచింది. అద్దాల అవసరాన్ని ప్రజా కార్యక్రమంగా మార్చిన ప్రయత్నమిది. అద్దాలతో ప్రయోజనం లేదని ఆ పరీక్షల్లో తేలినవారిని పునరావాస కేంద్రంతో అనుసంధానించడం దాని తరువాతి మెట్టు కావాలి.

నాలుగవది గుర్తింపు. దాత పేరు మార్గానికి ఉంది. వైద్యుల పేర్లు పరిశోధనపత్రాల్లో ఉన్నాయి. ఊళ్ళో కూర్చొని వేలమంది చూపు పరీక్షించిన టెక్నీషియన్, తెల్లకర్ర పట్టించి వీధి దాటించిన శిక్షకుడు చరిత్రరచనలో పేరులేనివారుగానే మిగిలారు. 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టం ఆప్టోమెట్రీ, ఫిజియోథెరపీ వంటి వృత్తులకు చట్టబద్ధమైన హోదా కల్పించింది. సేవచేసేవారి హోదా స్థిరపడితేనే సేవ స్థిరపడుతుందన్న దృష్టితో చూస్తే ఇది ఆలస్యంగా వచ్చినా ఆవశ్యకమైన చర్య.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• కంటివైద్యంలో పునరావాసం దయాధర్మంగా కాక, గణాంకాధారంతో నిరూపితమైన అవసరంగా హైదరాబాద్‌లో బలపడింది. 1996–2000 అధ్యయనం అందుకు పునాది.

• సామాజిక ఆరోగ్యసేవ, పునరావాసం వేర్వేరు శాఖలు కావు. చికిత్సతో చూపు వచ్చేవారిని వెతికి పట్టుకోవడం మొదటిది. రానివారిని వదలకుండా ఉండటం రెండవది.

• ఈ సేవలు కొనసాగడానికి దానం ఆరంభబలాన్ని ఇచ్చింది. నిలకడను మాత్రం పాఠశాల ఇచ్చింది. విశ్వవిద్యాలయ అనుబంధం వల్ల నైపుణ్యం విద్యగా మారింది.

• స్థానికులకే శిక్షణ ఇచ్చి స్థానికంగా నియమించే పద్ధతి అద్దాల విషయంలో ఫలించింది. అదే పద్ధతిని పునరావాస శిక్షకుల విషయంలోనూ అనుసరించడం ఇక జరగవలసిన పని.

• తెలుగులో ‘పునరావాసం’ అన్న పదం మోస్తున్న నివాసార్థాన్ని వైద్యం నిలుపుకోవడం మేలు. మందదృష్టి, దృష్టివినియోగం వంటి భావనలకు వాడుకలోని మసకచూపు, చూపు ఆనడం వంటి మాటలను పరీక్షాపత్రాల్లోకి, శిక్షణ పాఠాల్లోకి తీసుకోవడం తెలుగు భాషాపరిశోధకులు ఆరోగ్యరంగంతో కలిసి చేయదగిన కృషి.

‘ఇక చేయగలిగిందేమీ లేదు’ అన్న మాట శస్త్రవైద్యుని పరిధిలో నిజం కావచ్చు. అదే ప్రాంగణంలో మరో గదికి దారి చూపగలిగినప్పుడు ఆ మాట రోగికి చివరి మాట కాదు. ఆ గది ముధోల్‌కూ యూసుఫ్‌గూడకూ సమానంగా అందుబాటులోకి వచ్చిననాడు ఈ చరిత్రలో తరువాతి అధ్యాయం మొదలవుతుంది.